పన్ను అదే, కోడ్ కొత్తది

అమెరికా డెంటల్ క్లినిక్‌లలో ఏటా జనవరి 1న బిల్లింగ్ కోడ్‌లు మారతాయి. దాన్ని గుమాస్తా పనిగా వదిలేసిన డాక్టర్‌కు ఫిబ్రవరిలో లెక్క తప్పుతుంది. ఆ తప్పు బిల్లు రూపంలో చేరేది మాత్రం రోగి ఇంటికే.

రాత్రి నిద్రలో పళ్లు కొరికే అలవాటున్న మనిషి ఒకరు 2018 డిసెంబర్‌లో అమెరికాలో ఓ పళ్ల డాక్టర్ దగ్గరకు వెళ్లారనుకుందాం. పళ్లు అరిగిపోకుండా రాత్రిపూట పెట్టుకునే తొడుగు, అదే నైట్ గార్డ్, చేయించుకోమన్నారు డాక్టర్. అచ్చు తీసి ల్యాబ్‌కు పంపారు. అప్పటికి ఆ తొడుగు బిల్లింగ్ కోడ్ డి9940. ల్యాబ్ నుంచి అది తయారై వచ్చి, నోట్లో సరిగ్గా కూర్చుందో లేదో చూసి ఇచ్చేసరికి జనవరి రెండో వారం. ఈలోగా డి9940 రద్దయింది. 2019 జనవరి 1 నుంచి దాని స్థానంలో మూడు కోడ్‌లు వచ్చాయి. పళ్ల వరుస మొత్తానికీ పట్టే గట్టి తొడుగైతే డి9944, మొత్తానికీ పట్టే మెత్తటిదైతే డి9945, వరుసలో కొంత భాగానికే పట్టే గట్టిదైతే డి9946. కౌంటర్‌లో కూర్చున్న ఉద్యోగి అలవాటు కొద్దీ పాత నంబర్ కొడితే క్లెయిమ్ తిరిగొస్తుంది. కొన్ని వారాల తర్వాత రోగికి ఫోన్ వస్తుంది: మీ బీమా సంస్థ డబ్బివ్వలేదు, మీరే కట్టాలి. పళ్లు అవే, తొడుగు అదే, డాక్టర్ కూడా ఆయనే. మారింది చివరి అంకె ఒక్కటే.

అమెరికాలో దంతవైద్యం రెండు భాషల్లో నడుస్తుంది. కుర్చీ దగ్గర డాక్టరూ రోగీ మాట్లాడుకునే భాష ఒకటి. బీమా సంస్థ కంప్యూటర్‌కు అర్థమయ్యే భాష మరొకటి. ఈ రెండోదాని పేరు సీడీటీ. డి అనే అక్షరం, దాని వెనక నాలుగంకెలు. పరీక్షలు, ఎక్స్‌రేలు డి0100 దగ్గర మొదలవుతాయి. పళ్లు పాడవకుండా చేసే పనులు డి1000 నుంచి, పిప్పి పళ్లు పూడ్చడం, క్యాపులు వేయడం డి2000 నుంచి, రూట్ కెనాల్ డి3000 నుంచి, చిగుళ్ల చికిత్స డి4000 నుంచి. ఇలా డి9999 దాకా సాగుతుంది. ఈ జాబితాలో లేని పనిని బీమా సంస్థకు చెప్పడం చాలా కష్టం.

జాబితా తొలిసారి అచ్చయింది 1969లో, అమెరికన్ డెంటల్ అసోసియేషన్ (ఏడీఏ) పత్రికలో. 1996 నాటి హిపా చట్టం కింద అమెరికా ప్రభుత్వం 2000 ఆగస్టులో దీన్ని ఎలక్ట్రానిక్ క్లెయిమ్‌లకు జాతీయ ప్రమాణంగా ప్రకటించింది. అయినా దాని యజమాని మాత్రం ఏడీఏనే. 1997లో ఏడీఏకూ డెల్టా డెంటల్ ప్లాన్స్ అసోసియేషన్‌కూ మధ్య నడిచిన కేసులో ఫెడరల్ అప్పీళ్ల కోర్టు ఈ వర్గీకరణకు కాపీరైట్ వర్తిస్తుందని తేల్చింది. అంటే వాడి తీరాలని చట్టం చెప్పే భాష ఒక సంఘం సొత్తు. కొత్త ఏడాదికి కొత్త పుస్తకమో, లైసెన్సున్న సాఫ్ట్‌వేరో కొనాల్సిందే. ఒకప్పుడు రెండేళ్లకోసారి వచ్చే మార్పులు 2013 నుంచి ఏటా వస్తున్నాయి. కోవిడ్ టీకాల కోడ్‌ల విషయంలో 2021లో జనవరి దాకా కూడా ఆగలేదు, ఏడాది మధ్యలోనే చేర్చారు.

మార్పులను నిర్ణయించేది 21 మంది సభ్యుల కోడ్ మెయింటెనెన్స్ కమిటీ. ఏటా మార్చిలో సమావేశమవుతుంది. ఏడీఏ, స్పెషలిస్టు డాక్టర్ల సంఘాలు, దంతవైద్య విద్యాసంస్థలు ఒక పక్క, డబ్బు చెల్లించే బీమా వర్గాలు, ప్రభుత్వ మెడికేర్-మెడికెయిడ్ యంత్రాంగం మరో పక్క. అందరూ ఒకే బల్ల దగ్గర కూర్చుని ఓటేస్తారు. కొత్త కోడ్ కావాలని ఎవరైనా దరఖాస్తు పెట్టుకోవచ్చు. కాబట్టి ఏ కోడ్ పుట్టినా, ఏది పోయినా దాని వెనక డాక్టర్లకూ బీమా సంస్థలకూ మధ్య ఎంతో కొంత బేరం ఉంటుంది. ఏటా పుస్తకం తెరిచే క్లినిక్ నంబర్లతో పాటు ఆ బేరాన్ని కూడా చదవాలి.

అలా చదవకపోతే ఏమవుతుందో చెప్పడానికి డి4346 మంచి ఉదాహరణ. 2017కు ముందు ఈ కోడ్ లేదు. చిగుళ్లు ఎర్రగా వాచి, ముట్టుకుంటే రక్తం కారుతూ, పళ్ల నిండా గార పట్టిన రోగి వచ్చాడు. ఎక్స్‌రేలో మాత్రం ఎముక కరగలేదు. హైజినిస్ట్ గంటకు పైగా కష్టపడి శుభ్రం చేశారు. బిల్లులో ఏం రాయాలి? ఉన్న దారులు రెండే. ఒకటి, డి1110. ఇది ఆరోగ్యంగా ఉన్న నోటికి చేసే మామూలు క్లీనింగ్. ఇది రాస్తే చేసిన కష్టానికి తగిన డబ్బు రాదు. రెండోది డి4341. నోటిని నాలుగు భాగాలుగా విడగొట్టి, ఒక్కో భాగంలో చిగురు కిందికి వెళ్లి పంటి వేళ్ల దాకా శుభ్రం చేసే చికిత్స. ఇది రాస్తే డబ్బు ఎక్కువే వస్తుంది. కానీ ఎముక కరిగిన వాళ్లకు చేసే చికిత్స అది. ఈ రోగికి ఆ జబ్బు లేదు.

అంటే ఒక దారిలో క్లినిక్ నష్టపోతుంది, మరో దారిలో రికార్డు అబద్ధమవుతుంది. ఆ అబద్ధం ఒక్క బిల్లుతో ఆగదు. డి4341 రాసిన రోగికి ఆ తర్వాత మామూలు క్లీనింగ్ బదులు డి4910 కింద చిగుళ్ల సంరక్షణ చేయడం పద్ధతి. దాని ధర ఎక్కువ, బీమా సంస్థ భరించే వాటా చాలాచోట్ల తక్కువ. లేని జబ్బు పేరు రికార్డుకెక్కి ఏళ్ల తరబడి జేబుకు చిల్లు పెడుతుంది. రోగి మెడికెయిడ్‌లో ఉన్న పేదవాడైతే, చేయని చికిత్సకు ప్రభుత్వ సొమ్ము తీసుకున్నట్టు అవుతుంది. తెలిసి అలా చేసినట్టు తేలితే ఫాల్స్ క్లెయిమ్స్ చట్టం కిందకు వస్తుంది.

ఈ ఖాళీని పూరించడానికే 2017లో డి4346 వచ్చింది. చిగుళ్ల వాపు ఒక మోస్తరుగా గానీ తీవ్రంగా గానీ నోరంతటా ఉండి, ఎముక కరగని వారికి, ముందు పరీక్ష చేసిన తర్వాత చేసే క్లీనింగ్ ఇది. డాక్టర్‌కు నిజం రాసే వీలు దొరికింది. అయితే 2017 జనవరిలో ఈ వివరణ చదవకుండా కొత్త నంబర్ మాత్రం తెలుసుకున్న క్లినిక్‌లకు చిక్కులు తప్పలేదు. ఒక భాగానికి ఒకసారి చొప్పున నాలుగుసార్లు బిల్లు చేస్తే తప్పు, ఇది నోరంతటికీ కలిపి ఒక్కటే. మామూలు క్లీనింగ్‌తో కలిపి అదే రోజు రాసినా తప్పే. పైగా చాలా బీమా పథకాలు దీన్ని డి1110 ధరకే చెల్లించాయి. ఏడాదికి రెండు క్లీనింగ్‌లు అనే పరిమితిలోనే కలిపేశాయి. నిజం రాసే వీలు వచ్చింది గానీ, దానికి తగిన ధర రాలేదు.

కోడ్ ఉన్నంత మాత్రాన డబ్బు వస్తుందని హామీ లేదు. ఈ సంగతి రోగులకే కాదు, క్లినిక్‌లో పనిచేసే చాలామందికి కూడా తెలియదు. ఫ్లోరైడ్ సంగతే చూడండి. 2013 దాకా పిల్లలకు డి1203, పెద్దలకు డి1204 అని వేర్వేరు కోడ్‌లుండేవి. రెండూ పోయి, వయసుతో పనిలేని డి1208 వచ్చింది. కోడ్‌లోంచి వయసు పోయింది గానీ బీమా పత్రంలోంచి పోలేదు. ఫలానా వయసు దాటితే ఫ్లోరైడ్‌కు చెల్లించేది లేదన్న షరతు ఎన్నో పథకాల్లో అలాగే ఉండిపోయింది. వెనక పళ్లకు తెల్ల ఫిల్లింగ్ వేసి డి2391 అని సరిగ్గానే రాసినా, వెండి రంగు ఫిల్లింగ్ ధర మాత్రమే లెక్కగట్టే పథకాలున్నాయి. మిగతాది రోగే కట్టాలి. కోడ్ చెప్పేది ఏం చేశారన్నది. ఎంత ఇస్తారన్నది చెప్పేది ఉద్యోగి తరఫున కంపెనీ కొన్న పాలసీ. ఈ తేడాను కౌంటర్ దగ్గర ముందే చెప్పగలిగిన క్లినిక్‌కు సగం తగాదాలు తప్పుతాయి.

కొత్త కోడ్‌ల కన్నా ఎక్కువగా తడబాటు పెట్టేవి నంబర్ మారకుండా అర్థం మారినవి. మత్తు మందు లెక్క ఇందుకు ఉదాహరణ. గాఢమైన మత్తుకు ఒకప్పుడు తొలి 30 నిమిషాలకు డి9220, ఆ తర్వాత ప్రతి 15 నిమిషాలకు డి9221 ఉండేవి. 2016లో రెండూ రద్దయి, ప్రతి 15 నిమిషాలకూ డి9223 అన్నారు. రెండేళ్లకే, 2018లో తొలి 15 నిమిషాలకు డి9222 అనే కొత్త కోడ్ పెట్టి, డి9223ని ఆ తర్వాతి 15 నిమిషాలకు పరిమితం చేశారు. 45 నిమిషాల మత్తుకు 2017లో డి9223 మూడు యూనిట్లు. 2018లో డి9222 ఒకటి, డి9223 రెండు. డి9223 రెండేళ్లూ పుస్తకంలో ఉంది. కాబట్టి పాత పద్ధతిలోనే బిల్లు చేసిన ఉద్యోగికి కంప్యూటర్ అడ్డు చెప్పకపోవచ్చు. తప్పు బయటపడేది చెల్లింపు వచ్చాకే.

మరి సిద్ధం కావడం అంటే ఏమిటి? సాఫ్ట్‌వేర్ కంపెనీ పంపే అప్‌డేట్‌ను డిసెంబర్ చివర్లో ఎక్కించుకుంటే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. అప్‌డేట్ తెచ్చేది నంబర్నీ దాని పేరునూ. ఆ పనికి క్లినిక్ ఎంత తీసుకోవాలో అది చెప్పదు. ఫీజు గడి ఖాళీగా వదిలేస్తే సున్నా డాలర్ల క్లెయిమ్ వెళ్లే ప్రమాదం ఉంటుంది.

అసలు పని కొత్త పుస్తకం చేతికొచ్చిన తర్వాత, అక్టోబర్‌లోనే మొదలవ్వాలి. మొదట గత 12 నెలల్లో ఏ కోడ్ ఎన్నిసార్లు వాడారో రిపోర్టు తీయాలి. జాబితాలో కోడ్‌లు వందల్లో ఉన్నా, మామూలు క్లినిక్ రోజూ వాడేవి వాటిలో కొన్నే. వాటిని కొత్త పుస్తకంలోని మార్పులతో పోల్చి చూస్తే తమకు తగిలేవి ఏవో తేలిపోతుంది. ఆ కొన్నింటినీ డాక్టర్, హైజినిస్ట్, బిల్లింగ్ చూసేవాళ్లు ఒకచోట కూర్చుని పూర్తి వివరణతో సహా చదవాలి. పేరు ఒక వాక్యం, వివరణ రెండు మూడు వాక్యాలు. ఓపిక పడితే ఒక మధ్యాహ్నం పని.

తర్వాత చూడాల్సింది భవిష్యత్తులోకి. సాఫ్ట్‌వేర్‌లో ఎందరో రోగుల పేరు మీద రాసిపెట్టి, ఇంకా చేయని చికిత్సలు ఉంటాయి. వాటిలో రద్దయ్యే కోడ్ ఉంటే ఇప్పుడే మార్చాలి. బీమా సంస్థ నుంచి ముందస్తు అంచనా తెప్పించుకున్న పనులైతే మరీ జాగ్రత్త. డిసెంబర్‌లో పాత కోడ్ మీద వచ్చిన కాగితం జనవరిలో పనికిరాకపోవచ్చు, మళ్లీ పంపాలి. నెట్‌వర్క్‌లో ఉన్న డాక్టర్లకు ఫీజు నిర్ణయించేది బీమా సంస్థతో ఒప్పందం. కొత్త కోడ్ ఆ ఒప్పందపు పట్టికలో ఉందా, ఉంటే ఎంత అని నవంబర్‌లోనే రాతపూర్వకంగా అడగడం మేలు.

తేదీల విషయంలో సూత్రం ఒక్కటే. క్లెయిమ్ పంపిన రోజుతో పనిలేదు, చికిత్స జరిగిన రోజున ఏ కోడ్ చెల్లుతుందో అదే రాయాలి. డిసెంబర్ 28న చేసిన పనికి జనవరి 5న క్లెయిమ్ పంపినా పాత కోడే. చిక్కల్లా నైట్ గార్డ్, క్యాప్ లాంటి రెండు విడతల పనులతోనే. పన్ను అరగదీసిన రోజును లెక్కలోకి తీసుకునే పథకాలు కొన్ని, క్యాప్ అమర్చిన రోజును చూసేవి మరికొన్ని. ఏ రోగిది ఏ పథకమో డిసెంబర్‌లోనే చూసి పెట్టుకోవాలి.

జనవరిలో కోడ్‌లు మాత్రమే మారవు, ఇబ్బంది అక్కడే ముదురుతుంది. చాలా బీమా పథకాల లెక్క క్యాలెండర్ ఏడాదిదే. బీమా మొదలయ్యే ముందు రోగి సొంతంగా పెట్టుకోవాల్సిన డిడక్టిబుల్ మళ్లీ మొదటికొస్తుంది. కంపెనీ బీమా సంస్థను మార్చి ఉంటే రోగి చేతిలో కార్డు కూడా కొత్తదే. అమెరికాలో డెంటల్ బీమా ఏడాదికి ఇచ్చే గరిష్ఠ మొత్తం చాలా పథకాల్లో 1,000 నుంచి 2,000 డాలర్ల మధ్యే. ఒక్క క్యాప్‌కే 1,000 డాలర్లు దాటడం మామూలు. ఇలాంటి నెలలో తిరిగొచ్చిన ఒక్క క్లెయిమ్ కుటుంబ ఖర్చుల లెక్కను తలకిందులు చేయగలదు. పెద్ద గ్రూపు క్లినిక్‌లకు దీనికోసం విడిగా విభాగాలుంటాయి. ఒకే డాక్టర్, ఇద్దరు ముగ్గురు సిబ్బందితో నడిచే చిన్న క్లినిక్‌కు వాయిదా పడిన చెల్లింపులు జీతాల రోజున గుర్తొస్తాయి.

ఈ అంకెల సందడి అమెరికాలోనే ఆగదు. అక్కడి క్లినిక్‌ల బీమా తనిఖీలు, క్లెయిమ్‌లు, రాని డబ్బు కోసం చేసే ఫోన్లలో కొంత భాగం హైదరాబాద్, చెన్నై లాంటి నగరాల రాత్రి షిఫ్టుల్లో జరుగుతుంది. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో మెడికల్ కోడింగ్ నేర్చుకుని ఈ ఉద్యోగాల్లో చేరినవారిలో బీడీఎస్ పట్టా ఉన్నవాళ్లూ కనిపిస్తారు. పంటి గురించి వాళ్లకు చెప్పాల్సింది లేదు. కానీ వాళ్లకు రోగి నోరు కనిపించదు, డాక్టర్ రాసిన నోట్స్ మాత్రమే కనిపిస్తుంది. అందులో 'క్లీనింగ్ చేశాం' అని రెండు ముక్కలుంటే డి1110కీ డి4346కీ మధ్య తేడా ఎక్కడ తేల్చుకోవాలి? చిగుళ్ల వాపు ఎంత, రక్తం ఎన్ని చోట్ల కారింది, ఎక్స్‌రేలో ఎముక ఎలా ఉంది అని రాస్తేనే సరైన కోడ్ దొరుకుతుంది. అందుకే ఏటా చేసే తయారీలో సాఫ్ట్‌వేర్ కన్నా ముందు మారాల్సింది డాక్టర్ నోట్స్ రాసే పద్ధతి. మారిన ప్రతి కోడ్‌కూ ఇకపై నోట్స్‌లో తప్పనిసరిగా ఉండాల్సిన వివరాలేమిటో ఒక కాగితం మీద రాసి కుర్చీ పక్కన పెట్టుకుంటే చాలు.

భారత్‌లో ఈ బెడద లేదని సంతోషించవచ్చు. మన దగ్గర పళ్ల డాక్టర్ బిల్లు మీద రూట్ కెనాల్, క్యాప్ అని రాసి కింద ఒక అంకె వేస్తే సరిపోతుంది. ప్రమాదంలో దెబ్బ తగిలితే తప్ప పంటి వైద్యానికి చాలా ఆరోగ్య పాలసీలు డబ్బివ్వవు కాబట్టి వివరాలు అడిగే వారు తక్కువ. కానీ రెండు క్లినిక్‌ల బిల్లులు పోల్చి చూసుకునే వీలు కూడా రోగికి లేదు. బీమా క్లెయిమ్‌లన్నీ ఒకే ఎలక్ట్రానిక్ వేదిక మీదకు తెచ్చేందుకు నేషనల్ హెల్త్ క్లెయిమ్స్ ఎక్స్ఛేంజ్ రూపుదిద్దుకుంది. అందులో చేరమని హైదరాబాద్‌లోనే కేంద్ర కార్యాలయం ఉన్న బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2023లో బీమా కంపెనీలకు సూచించింది. దంతవైద్యానికీ బీమా విస్తరించిన రోజున ఏదో ఒక కోడ్‌ల జాబితా రాక తప్పదు. అది రాసేటప్పుడు డాక్టర్లు బల్ల దగ్గర ఉండాలన్నది అమెరికా అనుభవం నేర్పే పాఠం. అక్కడ లోపించిన రోగుల గొంతు ఇక్కడైనా వినిపిస్తే ఇంకా మంచిది.

అక్కడి క్లినిక్‌లకు మాత్రం గడువు ఏటా ఒకటే. జనవరి 1 ఎప్పుడొస్తుందో తెలియని వారుండరు. అక్టోబర్‌లో ఒక మధ్యాహ్నం, నవంబర్‌లో నాలుగు ఉత్తరాలు, జనవరి చివర్లో వచ్చిన చెల్లింపు కాగితాలను ఒకసారి సరిచూసుకోవడం. ఇంతకు మించి ఖర్చయ్యేది లేదు. చిగుళ్లు వాచి వచ్చిన మనిషికి లేని జబ్బు అంటగట్టకుండా, చేసిన పనిని చేసినట్టు రాసి, ఆయన జేబు నుంచి ఎంత పడుతుందో కుర్చీలో కూర్చోబెట్టక ముందే చెప్పగలిగితే, ఆ క్లినిక్ కొత్త ఏడాదికి సిద్ధమైనట్టే.